రాడ్ ప్యాకింగ్ లీకయితే గ్లాండ్ బిగించకండి: అపోహలు, వాస్తవాలు

"గ్యాస్ కారుతోంది సార్, గ్లాండ్ నట్లు ఇంకో రౌండ్ బిగించమంటారా?"

రెసిప్రొకేటింగ్ కంప్రెసర్, అంటే పిస్టన్ ముందుకూ వెనక్కూ కదులుతూ గ్యాస్‌ను నొక్కే మిషన్, ఉన్న చోటల్లా ఈ ప్రశ్న వినిపిస్తుంది. పిస్టన్ రాడ్ సిలిండర్‌లోంచి బయటికి వచ్చే చోట గ్యాస్ కారకుండా ఆపే రింగుల కూర్పే రాడ్ ప్యాకింగ్. దాన్ని నట్లతో పట్టి ఉంచే ఫ్లేంజ్ గ్లాండ్. సీఎన్‌జీ స్టేషన్‌లో అడుగుతారు, ఎరువుల ఫ్యాక్టరీలో అడుగుతారు, రిఫైనరీ హైడ్రోజన్ యూనిట్‌లో అడుగుతారు, గల్ఫ్‌లో గ్యాస్ ఫీల్డుల్లో ఉన్న మనవాళ్లూ అడుగుతారు. అడిగినవాళ్ల తప్పేం లేదు. నీళ్ల పంపు మీద పని నేర్చుకున్న చెయ్యి అలాగే ఆలోచిస్తుంది. కానీ రాడ్లు పాడవడానికీ, రింగులు కాలిపోవడానికీ, ఒక్కోసారి మనుషులు గాయపడడానికీ చాలాసార్లు ఈ అపోహే మూలం. మిగతావి తర్వాత చూద్దాం, ముందు దీని సంగతి.

అపోహ: గ్లాండ్ బిగిస్తే లీక్ తగ్గుతుంది.

వాస్తవం: తగ్గదు. పంపులో ఉండేది మెత్తని తాడు ప్యాకింగ్. గ్లాండ్ బిగిస్తే తాడు నలిగి, ఉబ్బి, షాఫ్టును పట్టుకుంటుంది. కంప్రెసర్ ప్యాకింగ్ కేస్‌లో అలా నలగడానికి ఏమీ లేదు. లోహపు కప్పులు ఒకదానికొకటి ఆని వరసగా కూర్చుంటాయి, ఆనే ముఖాలన్నీ ల్యాప్ చేసి (సన్నటి పొడితో అరగదీసి) నున్నగా ఉంటాయి. ఒక్కో కప్పు గూటిలో ముక్కలుగా కోసిన రింగులు వదులుగా ఉంటాయి. నట్ల బలమంతా కప్పుల ముఖాల మీదా, సిలిండర్ వైపు కొసన ఉన్న నోస్ గ్యాస్కెట్ మీదా పడుతుంది. రింగుకు ఆ బలం చేరదు, చేరకూడదు కూడా.

మరి సీల్ చేసేది ఏది? గ్యాసే. ఒక జత రింగుల్ని చేతిలోకి తీసుకుని చూడండి. సిలిండర్ వైపు ఉండేది రేడియల్ కట్ రింగు. మూడు ముక్కలు, కోతలు లోపలి నుంచి బయటికి సూటిగా ఉంటాయి. దాని వెనక, క్రాంక్ (రాడ్‌ను నడిపే తిరిగే షాఫ్టు) వైపు ఉండేది టాంజెంట్ కట్ రింగు. దీని ముక్కలు అరిగేకొద్దీ ఒకదాని పక్కన ఒకటి జారి దగ్గరయ్యేలా అడ్డంగా కోసి ఉంటాయి. రెండు రింగుల కోతలూ ఒకే వరసలోకి రాకుండా డోవెల్ పిన్ ఉంటుంది, చుట్టూ గార్టర్ స్ప్రింగ్. సిలిండర్‌లో ప్రెషర్ పెరగగానే గ్యాస్ రేడియల్ రింగు కోతల్లోంచి గూటిలోకి వస్తుంది. వచ్చి టాంజెంట్ రింగును చుట్టూ నుంచి రాడ్ మీదకీ, వెనక్కి తోసి కప్పు ముఖం మీదకీ నొక్కుతుంది. ప్రెషర్ ఎంత పెరిగితే ఆ నొక్కు అంత గట్టిపడుతుంది. సక్షన్ (గ్యాస్‌ను లోపలికి పీల్చే) స్ట్రోక్‌లో గూటిలో మిగిలిన గ్యాస్ ఆ కోతల్లోంచే వెనక్కి పోతుంది. స్ప్రింగ్ పని ముక్కలు చెదరకుండా పట్టుకోవడం వరకే. అందుకే స్ప్రింగ్ పొడవు తగ్గించి బిగువుగా వేస్తే లీక్ ఆగుతుందనే చిట్కా కూడా పనికిరాదు. దానివల్ల రాడ్ అదనంగా వేడెక్కుతుంది, అంతే.

ఇది అర్థమైతే అతిగా బిగించినప్పుడు ఏమవుతుందో మీరే చెప్పగలరు. కప్పు వంగుతుంది. గూడు ఇరుకై రింగు కదలడం మానేస్తుంది. కదలని రింగు రాడ్‌ను అనుసరించలేదు, ఒక పక్క ఒరుసుకుంటూ మరో పక్క గ్యాస్‌ను వదిలేస్తుంది. లీక్ పెరుగుతుంది, ఇంకా బిగిస్తారు. చివరికి రాడ్ మీద నీలం రంగు చారలు కనిపిస్తాయి. ఒక పక్క నట్టు ఎక్కువ, ఇంకో పక్క తక్కువ బిగిస్తే కేస్ మొత్తం వంకరగా కూర్చుంటుంది. సిలిండర్‌లో ప్రెషర్ ఉండగా స్పానర్ పెడితే, సాగిపోయి ఉన్న స్టడ్ తెగి విరుచుకుపడేది మీ ముఖం ఉన్న వైపుకే. నడుస్తున్న మిషన్ మీద గానీ, ఆగినా ప్రెషర్ దించని సిలిండర్ మీద గానీ గ్లాండ్ నట్టు ముట్టుకోవద్దు.

ఈ ఆలోచనే ఇంకో అడుగు వేస్తే "వెంట్ వాల్వు మూసేస్తే సరి" అంటారు. ఇది మరీ ప్రమాదం. రింగులు దాటి వచ్చిన కాస్త గ్యాస్‌ను ఫ్లేర్‌కో (మిగులు గ్యాస్‌ను కాల్చేసే గొట్టం), సురక్షితమైన ఎత్తుకో తీసుకుపోయే దారి ఆ వెంట్. దాన్ని మూస్తే గ్యాస్ చివరి రింగులు దాటి డిస్టెన్స్ పీస్‌లోకి (సిలిండర్‌కూ క్రాంక్‌కేస్‌కూ మధ్య గది), అక్కణ్నుంచి రాడ్ మీది ఆయిల్‌ను తుడిచే వైపర్ రింగుల సందుల్లోంచి, క్రాంక్ ఉండే పెట్టె అయిన క్రాంక్‌కేస్‌లోకి చేరుతుంది. అక్కడ గాలి ఉంది, ఆయిల్ ఆవిరి ఉంది, వేడెక్కిన బేరింగ్ ఒక్కటి తోడైతే క్రాంక్‌కేస్ పేలుతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ ఉన్న గ్యాస్ అయితే పేలుడు దాకా పోనక్కర్లేదు, డిస్టెన్స్ పీస్ తలుపు తీసినవాడు అక్కడే కూలిపోతాడు. ఎవరు చెప్పినా వెంట్ మూయకండి.

రాత్రి షిఫ్టులో ఒంటరిగా ఉన్నప్పుడు గ్యాస్ డిటెక్టర్ మోగితే గుండె దడదడలాడడం సహజం. అప్పుడు చేయాల్సిన పని స్పానర్ వెతకడం కాదు. వెంట్ లైన్ తెరిచే ఉందా, అందులో కండెన్సేట్ (గ్యాస్ చల్లబడి మారిన ద్రవం) నిలిచి అడ్డుపడిందా చూడండి. ఫ్లేర్ హెడర్ ప్రెషర్ పెరిగిందేమో చూడండి, అది పెరిగినా వెంట్ గ్యాస్ వెనక్కి తంతుంది. లీకయ్యే గ్యాస్‌ను అడ్డుకోవడానికి ప్యాకింగ్‌లోకి పంపే నైట్రోజన్ పర్జ్ ఉంటే అది వెంట్ ప్రెషర్ కన్నా సుమారు 1 బార్ ఎక్కువ ఉండాలి. లూబ్రికేటర్ ప్యాకింగ్ పాయింటుకు ఆయిల్ పంపుతోందా చూడండి. ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో వెంట్ పైపు ఉష్ణోగ్రత తీసుకుని పక్క సిలిండర్ల వెంట్ పైపులతో పోల్చండి. ఇవన్నీ సరిగ్గా ఉన్నా డిస్టెన్స్ పీస్‌లో గ్యాస్ రీడింగ్ ఎక్కుతూనే ఉంటే లోడ్ తీసేసి మిషన్ ఆపండి. రీడింగులు లాగ్‌బుక్‌లో రాసి పెట్టండి. అలా ఆపడం సరైన నిర్ణయమే, దానికి జంకాల్సిన పనిలేదు.

అపోహ: కొత్త రింగులు వేశాక చుక్క గ్యాస్ కూడా రాకూడదు.

వాస్తవం: కదిలే రాడ్ మీద ముక్కల రింగు ఎప్పుడూ కొంచెం వదులుతుంది. నున్నని, సరిగ్గా అమర్చిన రాడ్ మీద కొత్త ప్యాకింగ్ గంటకు సుమారు 11.5 ఘనపుటడుగులు, అంటే మూడో వంతు ఘనమీటరు వదలవచ్చని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ పత్రాలు చెబుతాయి. అరిగిపోయిన ప్యాకింగ్ 900 ఘనపుటడుగుల దాకా, అంటే పాతిక ఘనమీటర్ల దాకా వదిలిన ఉదాహరణలూ వాటిలోనే ఉన్నాయి. కొత్త రింగు రాడ్‌కు ఒదిగేదాకా మొదటి గంటల్లో లీక్ కాస్త ఎక్కువే ఉంటుంది, తర్వాత తగ్గుతుంది. కాబట్టి మొదటి రోజు అంకె చూసి కంగారుపడి మళ్లీ విప్పకండి. వారం వారం వెంట్ ఫ్లో, ఉష్ణోగ్రత రాసుకుంటే ఎటు పోతోందో తెలుస్తుంది.

గంటల లెక్క గురించీ పుకార్లు తిరుగుతుంటాయి. "8,000 గంటలకు రింగులు మార్చడం చట్టం" అనేది అందులో ఒకటి. అమెరికాలో 2012 నిబంధన 26,000 గంటలు లేదా 36 నెలలు అంది. 2024లో తెచ్చిన నిబంధన ఫ్లో కొలవమంది, ఒక్కో సిలిండర్‌కు నిమిషానికి 2 ఘనపుటడుగులు, అంటే సుమారు 57 లీటర్లు దాటితే బాగుచేయమంది లేదా మార్చమంది. అక్కడి లెక్కలు అవి. మీ మిషన్‌కు మీ తయారీదారు మాన్యువల్, మీ వెంట్ రీడింగే ఆధారం.

అపోహ: లీక్ అంటే రింగులు అరిగినట్టే, మారిస్తే చాలు.

మార్చిన నెలకే మళ్లీ లీక్ అంటున్నారంటే, మార్చాల్సింది రింగు కాదని అర్థం. ముందు రాడ్ చూడాలి. రాడ్ కదిలే పొడవులో ప్యాకింగ్ తగిలే భాగాన్ని మైక్రోమీటర్‌తో నాలుగైదు చోట్ల, ప్రతిచోటా అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి కొలవండి. అసలు సైజు కన్నా 0.13 మి.మీ. తగ్గినా, గుండ్రదనంలో 0.03 మి.మీ. తేడా వచ్చినా ఆ రాడ్ మీద ఏ రింగూ నిలవదు. మీ మాన్యువల్‌లో ఇంతకన్నా కఠినమైన పరిమితి ఉంటే దాన్నే పాటించండి. గోటిని రాడ్ పొడవునా, అడ్డంగా జరపండి, గోరు తగులుకునే గీత ఉంటే ఆ గీతే గ్యాస్‌కు దారి.

తర్వాత రన్‌అవుట్, అంటే రాడ్ కదిలేటప్పుడు పక్కకూ, పైకీ కిందికీ ఎంత ఊగుతోందో చూడడం. డయల్ గేజ్ పెట్టి ఫ్లైవీల్‌ను చేత్తో ఒక పూర్తి చుట్టు తిప్పండి. పక్కకు వచ్చే రీడింగ్ 0.064 మి.మీ. దాటకూడదని అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ వారి ఏపీఐ 618 ప్రమాణం. నిలువు రీడింగ్ స్ట్రోక్‌ను బట్టి, పిస్టన్ క్లియరెన్స్‌ను బట్టి మారుతుంది, దాన్ని లెక్కగట్టి పోల్చాలి. సిలిండర్‌లో పిస్టన్ బరువును మోసే పట్టీలు, రైడర్ బ్యాండ్లు, అరిగి పిస్టన్ కిందికి దిగితే రాడ్ వాలుతుంది, ప్యాకింగ్ రింగులు ఆ వాలును ఎంతోకాలం మోయలేవు. ఆ కేసులో అసలు పని సిలిండర్ లోపల ఉంది.

ఇక అమర్చే పని. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. ఐసొలేట్ చేసి, ప్రెషర్ దించి, నైట్రోజన్‌తో పర్జ్ చేసి, ఫ్లైవీల్ తిరగకుండా లాక్ చేశాకే విప్పండి. కప్పులన్నిటినీ నూగు రాలని గుడ్డ మీద, వచ్చిన వరసలోనే పరవండి. ఆయిల్ రంధ్రం ఉన్న కప్పు ఒక్క స్థానం మారినా ఆయిల్ దారి మూసుకుపోతుంది. ఒక సెట్టు ముక్కల్ని ఇంకో సెట్టులో కలపకండి, ముక్కల మీద చెక్కిన అక్షరాలు జత చూసుకోండి. చాలా తయారీల్లో అక్షరాలున్న ముఖం సిలిండర్ వైపు ఉండాలి, అయినా డ్రాయింగ్ ఒకసారి చూడండి. జతను తిరగేసి వేస్తే టాంజెంట్ రింగు ముందుకీ, కోతలున్న రింగు వెనక్కీ పోతాయి, ఇక ఆ గూడు సీల్ చేయదు.

ప్రతి గూటిలో సైడ్ క్లియరెన్స్‌ను, అంటే రింగు పక్కన గూటి గోడకు మిగిలే సందును, ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పలచని రేకులు) కొలవాలి. టెఫ్లాన్ రింగు వేడికి ఉక్కు కన్నా పది రెట్ల దాకా వ్యాకోచిస్తుంది. 20 మి.మీ. మందం ఉన్న జత 80 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.2 మి.మీ. పెరుగుతుంది, ఉక్కు కప్పు 0.02 మి.మీ. పెరుగుతుంది. చల్లగా ఉన్నప్పుడు "భలే టైట్‌గా కూర్చుంది" అనిపించిన రింగు వేడిలో గూటిలో బిగుసుకుపోతుంది. కంచు (బ్రాంజ్) రింగులు తీసేసి టెఫ్లాన్ వేసేటప్పుడు పాత కప్పుల కొలత సరిపోతుందని అనుకోవద్దు.

నోస్ గ్యాస్కెట్ ప్రతిసారీ కొత్తది వేయండి. పాతది తిప్పి వేయడం వల్ల వచ్చిన లీక్‌ను రింగుల లీక్ అనుకుని మూడుసార్లు రింగులు మార్చేవాళ్లున్నారు. రాడ్ చివరి మరల (థ్రెడ్ల) మీద ఇన్‌స్టలేషన్ కోన్ అనే నున్నని తొడుగు తొడగకుండా కేస్ ఎక్కిస్తే థ్రెడ్ల అంచు రింగు లోపలి ముఖాన్ని చెక్కేస్తుంది. కప్పుల్ని కలిపి పట్టే సన్న టై బోల్టులు ఆనేదాకా బిగిస్తే చాలు. ఫ్లేంజ్ నట్లను మాత్రం టార్క్ రెంచ్‌తో, ఎదురెదురుగా, మూడు నాలుగు దఫాల్లో మాన్యువల్ చెప్పిన టార్క్‌కు తేవాలి, ప్రతి దఫాకీ ఫ్లేంజ్ సందును నాలుగు వైపులా ఫీలర్‌తో చూడాలి. గ్లాండ్ బిగింపుకు సరైన చోటు, సరైన సమయం అదొక్కటే.

మిగతా అపోహలు క్లుప్తంగా.

ఆయిల్ ఎంత ఎక్కువైతే అంత మంచిదా? కాదు. కొత్త రింగులకు మొదటి 200 గంటలు మామూలు రేటుకు రెట్టింపు ఇస్తారు, తర్వాత తగ్గించాలి. ఎక్కువైన ఆయిల్ వేడికి మాడి నల్లటి బంకలా రింగుల్ని గూటికి అతికిస్తుంది. ఆక్సిజన్ కంప్రెసర్‌లో మాత్రం మామూలు మినరల్ ఆయిల్ చుక్క కూడా పనికిరాదు, మంట అంటుకుంటుంది.

రాడ్ అద్దంలా మెరవాలా? అక్కర్లేదు. 0.2 నుంచి 0.4 మైక్రాన్ల ఫినిష్ చాలు. మరీ నున్నగా ఉంటే ఆయిల్ గానీ, టెఫ్లాన్ పొర గానీ రాడ్‌ను పట్టుకోదు. ఎమెరీ గుడ్డను పొడవునా రుద్దడం మరీ తప్పు.

రింగుల జతలు ఎక్కువ వేస్తే సీలింగ్ పెరుగుతుందా? ఏ సమయంలోనైనా ప్రెషర్‌లో ఎక్కువ భాగాన్ని ఒకటి రెండు జతలే మోస్తాయి. అదనపు జతలు అదనపు వేడినిస్తాయి.

విప్పిన పాత రింగుల్ని చెత్తబుట్టలో వేయకండి, కప్పు నంబరు రాసి కవర్లో పెట్టండి. ఒకే పక్క అరిగితే రాడ్ వాలింది. క్రాంక్ వైపు అంచు పెదవిలా సాగి బయటికి వచ్చిందంటే వేడి గానీ ప్రెషర్ గానీ ఎక్కువైంది, లేదా టాంజెంట్ రింగు సాగకుండా వెనక ఆనించే బ్యాకప్ రింగు రంధ్రం వదులైంది. లోపలి ముఖంలో మెరిసే రేణువులు గుచ్చుకుని ఉంటే సక్షన్ స్ట్రెయినర్ విప్పి చూడండి. మొదటి కప్పులో ముక్కలు విరిగితే ప్రెషర్ బ్రేకర్ రింగు (గ్యాస్ ఒక్కసారిగా వెనక్కి దూకకుండా నెమ్మదింపజేసే మొదటి రింగు) ఉందా, సరైన వైపు ఉందా చూడండి. టాంజెంట్ కోతల సందులు పూర్తిగా కలిసిపోయి ఉంటే ఆ రింగు తన ఆయుష్షు నిండా పనిచేసింది. ఆ సెట్టుకు పట్టిన గంటలే మీ మిషన్‌కు అసలైన లెక్క, లాగ్‌బుక్‌లో రాసుకోండి.