కుందేలు కన్నీరు, పంటి వేరు

పాలకొల్లు దగ్గరి పల్లె నుంచి తొమ్మిదో తరగతి అమ్మాయి ఒక ప్రశ్న పంపింది. తాను పెంచుకుంటున్న తెల్ల కుందేలుకు ఎడమ కన్ను ఆర్నెల్లుగా కారుతూనే ఉందట. చుక్కల మందు వేస్తే వారం రోజులు తగ్గి, ఆపగానే మళ్లీ మొదలవుతోందట. నాయనమ్మ దిష్టి తీసి, కంట్లో ఆముదం వేయమంటోందట. దిష్టి తీసినందువల్ల కుందేలుకు వచ్చే నష్టమేమీ లేదు గాని ఆముదం, కాటుక, పాలు మాత్రం ఆ కంటి దరిదాపులకు కూడా రానివ్వకూడదు. అసలు మనం వెతకవలసిన చోటు కన్ను కాకపోవచ్చు.

సార్వా నాట్లు పడ్డాక పట్టిన ముసురుకు చేను మునిగితే డెల్టా రైతు చేలో నిలబడి నీళ్లకేసి చూస్తూ ఉండడు. గట్టు వెంట నడిచి మురుగు కాలువ ఎక్కడ పూడిందో చూస్తాడు. కుందేలు కంటికీ అలాంటి మురుగు కాలువ ఒకటుంది. మనిషి కంటిలో కన్నీరు దిగిపోవడానికి పై రెప్పకొకటి, కింది రెప్పకొకటి చొప్పున రెండు తూములుంటే, కుందేలుకు కింది రెప్ప లోపల, ముక్కు వైపు మూలలో, చిన్న చీలికలాంటి తూము ఒక్కటే ఉంటుంది. అక్కడ బయలుదేరిన నాళం పై దవడ ఎముకలోకి దిగి, దవడ పళ్ల వేళ్లకు దగ్గరగా ఒక మలుపు తిరిగి సన్నబడి, ముందరి పంటి వేరు పక్కన మరోసారి ఇరుకై, చివరకు ముక్కు రంధ్రం లోపల తెరుచుకుంటుంది. గట్టు మీది చెట్టు వేరు లావెక్కి కాలువను నొక్కినట్టే, ఈ రెండు ఇరుకుల దగ్గరా పంటి వేరు నాళాన్ని నొక్కగలదు. అప్పుడు పారని నీరు నిలిచి, నాచు పట్టినట్టుగా అందులో సూక్ష్మజీవులు పెరిగి, పాలలాంటి తెల్లని చీము తయారై తూము దగ్గరికే ఎగదన్నుతుంది. చుక్కల మందు ఆ నాచును కొంత చంపుతుంది గాని వేరును కదిలించలేదు. అందుకే మందు ఆపగానే మళ్లీ మొదలవుతుంది.

పంటి వేరు ఎందుకు పెరుగుతుందన్నదే ఇందులో నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచే సంగతి. కుందేలుకున్న 28 పళ్లూ జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. పై ముందరి పళ్లు వారానికి సుమారు 2 మిల్లీమీటర్లు పెరుగుతాయి. గడ్డిలోని ఇసుకలాంటి సిలికా, గంటల తరబడి దవడను పక్కకు తిప్పి నమిలే నమలడం, ఈ రెండూ కలిసి ఆ పెరుగుదలను అరగదీస్తాయి. గడ్డికి బదులు అన్నం, బిస్కెట్లు, క్యారెట్లు, మెత్తని దాణా పెడితే దవడ పళ్లు అరగక ఎత్తు పెరుగుతాయి. పై పన్ను, కింది పన్ను ఒకదానికొకటి ఆనుకున్నాక ఇక పైకి పోయే చోటు లేక, పెరుగుదల వేరు వైపుకే తోసుకుపోతుంది. కింది దవడ అంచు మీద వేలితో మెల్లగా రాస్తే చింతగింజల్లాంటి బొడిపెలు కొన్ని కుందేళ్లలో తగులుతాయి. అవి కిందికి పొడుచుకువచ్చిన వేళ్ల కొనలే. ఇలా జరిగిన వేరు మళ్లీ వెనక్కి రాదు గనుక గరిక, ఎండుగడ్డి తినిపించడం మొదటి రోజు నుంచే అలవాటు కావాలి.

పశువైద్యుడు ముందుగా ఫ్లోరెసిన్ అనే రంగును కంట్లో వేస్తాడు. కాలువ తెరిచి ఉంటే కొద్ది నిమిషాల్లో అదే వైపు ముక్కు కొన మీద పసుపుపచ్చని తడి కనబడుతుంది. నీలి కాంతిలో చూస్తే కంటి నల్లగుడ్డును కప్పే కార్నియా పొర గీసుకుపోయిందేమో కూడా ఆ రంగే చెబుతుంది, ఎందుకంటే పుండు ఉన్న చోట అది అంటుకుని పచ్చగా మెరుస్తుంది. రంగు ముక్కులోకి రాకపోతే మత్తు చుక్కలు వేసి, సన్నని గొట్టాన్ని తూములో పెట్టి గోరువెచ్చని సెలైన్‌తో నాళాన్ని కడుగుతారు. కొద్ది రోజుల తేడాతో రెండు మూడు సార్లు కడగవలసి రావచ్చు. వేళ్ల సంగతి తేలాలంటే తల ఎక్స్‌రే తప్పదు.

అయితే తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు ప్రతి కంటి నీటికీ పన్నే కారణమని పట్టుబట్టకూడదు. తడిసిన గూడులో మూత్రం నుంచి లేచే అమ్మోనియా, ఊక దుమ్ము కూడా రెండు కళ్లనూ మండిస్తాయి. కన్ను బయటికి ఉబ్బితే వెనుక చీముగడ్డ ఉందేమోనని అనుమానించాలి. కుందేలు చీము జున్నులా గట్టిగా ఉండి తనంతట తాను కారిపోదు. కంటిపాప పక్కన తెల్లని ముద్ద కనబడితే ఎన్‌సెఫాలిటోజూన్ అనే పరాన్నజీవి కటకాన్ని చీల్చి ఉండవచ్చు. తెల్ల కుందేలు కంటి ఎరుపు మాత్రం రోగం కాదు. రంగు పదార్థం లేక లోపలి రక్తనాళాలు అలా కనబడతాయి.

ఇంట్లో మిగిలిన స్టెరాయిడ్ చుక్కలు వేయకండి, పుండు ఉంటే అది లోతుకు పోతుంది. అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్‌ను నోటి ద్వారా ఇస్తే కుందేలు పేగుల్లోని మంచి సూక్ష్మజీవులు చచ్చి ప్రాణానికే ముప్పు. ఆ అమ్మాయికి నేను చెప్పినది ఇంతే: సెలైన్‌లో తడిపిన దూదితో చెంప తుడిచి ఆరబెట్టమ్మా, ముందుకాళ్ల లోపలి వైపు బొచ్చు జిగటగా అట్టలు కట్టిందేమో చూడు, అది నువ్వు చూడని వేళ కుందేలు తన కన్ను తానే తుడుచుకున్న గుర్తు, ఆ సంగతి చెప్పి డాక్టరుగారిని కంటితోపాటు పళ్లు కూడా చూడమని అడుగు.