డార్క్ చాక్లెట్‌కు ఆరోగ్యమన్న పేరు ఎలా వచ్చింది?

రేపర్ మీద 70 శాతమనో 85 శాతమనో కనబడితే చాలు, గుండెకు మంచిదని నమ్మి కొనేవాళ్లు చాలామంది. నిజానికి ఆ అంకె చెప్పేది చాక్లెట్‌లో కోకో గింజ నుంచి వచ్చిన భాగం ఎంత అన్నదొక్కటే. కోకో వెన్న కూడా ఆ లెక్కలోనే ఉంటుంది. ఆరోగ్యం మాట దానికి తర్వాత వచ్చి చేరింది.

దాని మూలం చాక్లెట్‌లో కాదు, ఒక పానీయంలో ఉంది. పనామా తీరాన శాన్ బ్లాస్ దీవుల్లో కూనా అనే ఆదివాసీలుంటారు. అక్కడివాళ్లకు వయసు మీదపడినా రక్తపోటు పెరగడం లేదన్న సంగతిని 1990ల్లో హార్వర్డ్ వైద్యుడు నార్మన్ హోలెన్‌బర్గ్ బృందం లోతుగా పరిశీలించింది. ఉప్పు తక్కువ తింటారా అంటే, లేదు. పుట్టుకతో వచ్చిన గుణమా అంటే, అదీ కాదు. పనామా సిటీకి వలస వెళ్లిన కూనాలకు అందరిలాగే బీపీ వస్తోంది. తేడా కోసం వెతికితే, దీవుల్లో రోజుకు చాలాసార్లు తాగే కోకో మీదికి దృష్టి మళ్లింది. గింజలో ఫ్లావనాల్స్ అనే పదార్థాలుంటాయి. అవి రక్తనాళాల లోపలి పొరలో నైట్రిక్ ఆక్సైడ్‌ను పెంచుతాయి, దాంతో నాళాలు సడలుతాయి. అయితే వలస వెళ్లినవాళ్ల జీవితంలో మారింది కోకో ఒక్కటే కాదు కదా. ఈ ప్రశ్నను పక్కన పెట్టి పేరు మాత్రం ముందుకు పరుగెత్తింది.

కూనాలు తాగేది పెద్దగా ప్రాసెస్ చేయని కోకో. ఫ్యాక్టరీ చాక్లెట్ దారి వేరు. 1828లో నెదర్లాండ్స్‌లో వాన్ హూటెన్ కుటుంబం గింజ నుంచి వెన్న పిండే యంత్రానికి పేటెంట్ తీసుకుంది. చేదు తగ్గించడానికి పొడిని క్షారంతో శుద్ధి చేసే పద్ధతీ వాళ్ల పేరుతోనే ప్రచారంలోకి వచ్చింది. 1847లో బ్రిటన్‌కు చెందిన ఫ్రై కంపెనీ కొరుక్కు తినే బార్ తెచ్చింది. గింజను పులియబెట్టినప్పుడు, వేయించినప్పుడు కొన్ని ఫ్లావనాల్స్ పోతాయి. క్షారం తగిలితే మిగిలినవాటిలోనూ చాలా భాగం పోతుంది, రంగు మాత్రం ఇంకా ముదురుతుంది. అందుకే నలుపును చూసి మంచిదనుకోవడం పెద్ద పొరపాటు.

2006లో నెదర్లాండ్స్‌లోని జుట్ఫెన్ పట్టణపు వృద్ధులపై వచ్చిన అధ్యయనం ఈ పేరును మరింత పెంచింది. 470 మంది పురుషులను 15 ఏళ్లు గమనిస్తే, కోకో ఎక్కువగా తీసుకున్నవాళ్లలో గుండె జబ్బు మరణాలు దాదాపు సగమే. అయితే అది గమనించడమే తప్ప, ఒకరికి ఇచ్చి మరొకరికి ఇవ్వకుండా చేసిన పరీక్ష కాదు. అలాంటి పరీక్ష అమెరికాలో 21 వేల మందికి పైగా వృద్ధులపై జరిగింది. దాని పేరు కాస్మోస్. రోజుకు 500 మిల్లీగ్రాముల ఫ్లావనాల్స్ ఇచ్చారు. 2022లో ఫలితాలొచ్చాయి. గుండెపోటు, పక్షవాతం లాంటివన్నీ కలిపి చూస్తే స్పష్టమైన తగ్గుదల లేదు. గుండె జబ్బు మరణాలు మాత్రం 27 శాతం తగ్గాయి. నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఇంకొకటి: ఇచ్చింది క్యాప్సూల్, చాక్లెట్ కాదు. అందులో చక్కెర లేదు, కొవ్వు లేదు. 100 గ్రాముల డార్క్ చాక్లెట్‌లో దాదాపు 600 క్యాలరీలుంటాయి. ఇనుము, మెగ్నీషియం దండిగా ఉన్న మాట నిజమే కానీ, వాటికోసమని అంత తినలేం.

యూరప్ ఆహార భద్రతా సంస్థ 2012లో ఒప్పుకున్నదీ పరిమితమే: రోజుకు 200 మిల్లీగ్రాముల కోకో ఫ్లావనాల్స్ రక్తనాళాల సాగే గుణానికి తోడ్పడతాయని. బార్‌లో అవి ఎన్ని ఉన్నాయో రేపర్ మీద సాధారణంగా ఉండదు.

ఇక రెండో వైపు. 2022 డిసెంబరులో అమెరికా వినియోగదారుల సంస్థ కన్స్యూమర్ రిపోర్ట్స్ 28 డార్క్ చాక్లెట్ బార్లను పరీక్షించింది. వాటిలో 23 బార్లు ఎలాంటివంటే, వయసొచ్చిన మనిషి రోజుకు సుమారు 28 గ్రాములు తిన్నా ఒంటికి హాని చేసే లోహాలైన సీసమో కాడ్మియమో కాలిఫోర్నియా ప్రమాణాలను ఆధారం చేసుకుని ఆ సంస్థ పెట్టుకున్న హద్దు దాటిపోతుంది. ఈ లోహాలు ఎక్కువగా ఉండేది గింజలో వెన్న కాని భాగంలోనే. అందుకే కోకో శాతం ఎక్కువైతే ఇవీ ఎక్కువయ్యే అవకాశం ఉంది. కాడ్మియం మట్టిలోంచి వేళ్ల ద్వారా గింజకు చేరుతుంది. సీసం ఎక్కువగా కోత తర్వాత, గింజలు ఆరుబయట ఎండేటప్పుడు దుమ్ముతో వచ్చి పడుతుంది. ఆరబెట్టే పద్ధతి మారిస్తే సీసాన్ని తగ్గించవచ్చు. కాడ్మియంతోనే కష్టం. యూరోపియన్ యూనియన్ 2019 నుంచి దానికి పరిమితి పెట్టింది. 50 శాతం గానీ అంతకు మించి గానీ కోకో ఉన్న చాక్లెట్‌లో కిలోకు 0.8 మిల్లీగ్రాములు మించకూడదు. రోజూ తినే అలవాటున్నవాళ్లకు, అందులోనూ గర్భిణులకు, పిల్లలకు ఇది చిన్న విషయం కాదు.