ముందు చిన్న ముల్లు ఒక్కటే నేర్పండి

మా చిన్నది రెండో క్లాసు. మొన్న పొద్దున జడ వేయించుకుంటూ గోడ గడియారం వైపు చూసి "నాన్నా, ఎనిమిదీ యాభై ఐదైపోయింది, వ్యాను వెళ్ళిపోయుంటుంది" అని ఏడుపు మొహం పెట్టింది. నేను కంగారుగా చూస్తే ఏడూ యాభై ఐదే. తిట్టబోయి ఆగిపోయా, ఎందుకంటే లెక్క వేసి చూస్తే తప్పు దానిది కాదు. చిన్న ముల్లు 12 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది, అంటే గంటకి 30, నిమిషానికి అర డిగ్రీ. 7:55కి అది ఎనిమిదికి రెండున్నర డిగ్రీలే వెనక ఉంటుంది, కంటికి ఎనిమిది మీదే ఉన్నట్టుంటుంది మరి.

పైగా ఒకే డయల్ మీద రెండు లెక్కలు. 7 అంకె చిన్న ముల్లుకి ఏడు, పెద్ద ముల్లుకి ముప్పై ఐదు. ఆ ముప్పై ఐదు మామూలుగా డయల్ మీద ఎక్కడా రాసుండదు, ఐదో ఎక్కం మనసులో చదువుకుని తెచ్చుకోవాలి. ఐదు రెళ్ళు పది దగ్గరే తడబడే పిల్లకి ఇది రెండు పుస్తకాలు ఒకేసారి చదవమన్నట్టే.

అసలు యూరప్‌లో మొదట వచ్చిన మరగడియారాలకి చాలావరకు గంటల ముల్లు ఒక్కటే ఉండేది. రోజుకి పావుగంట దాకా అటూ ఇటూ అయ్యే మిషనుకి నిమిషాల ముల్లు ఎందుకు చెప్పండి, దండగ. 1656లో క్రిస్టియాన్ హైగెన్స్ అనే డచ్ శాస్త్రవేత్త లోలకంతో గడియారం చేశాక ఆ తేడా సెకన్లలోకి దిగింది, ఆ తర్వాతే నిమిషాల ముల్లు మామూలైంది. మనుషులు వందల ఏళ్ళు ఒక్క ముల్లుతో బతికినప్పుడు పిల్లలకి మొదటి రోజే రెండూ ఎందుకు అనిపించి, అటక మీదున్న పాత బ్యాటరీ గడియారం దింపి, అద్దం తీసి, సెకన్ల ముల్లూ పెద్ద ముల్లూ మెల్లగా పైకి లాగేశా.

ఇప్పుడు ఒక్క ముల్లే. ఏడు దాటి కొంచెం వెళ్ళింది, ఎంతయ్యిందే అంటే అది తెల్లమొహం వేసింది. పక్కన చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న మా అమ్మ తలెత్తి చూసి "ఏడుంబావు" అనేసింది! అప్పుడు వెలిగింది నాకు. ఏడుంబావు, ఏడున్నర, పావుతక్కువ ఎనిమిది, ఇవన్నీ చిన్న ముల్లు ఎంత దూరం నడిచిందో చెప్పే మాటలే కదా. ఏడు నుంచి ఎనిమిదికి దారి, అందులో పావు వంతు నడిచింది, సగం నడిచింది, ఇంకో పావు మిగిలింది. సెవెన్ ఫార్టీ ఫైవ్ అంటే ఈ బొమ్మ కనపడదు. రొట్టె నాలుగు ముక్కలు చెయ్యడం తెలిసిన పిల్లకి పావు వెంటనే ఎక్కేసింది, రెండు రోజుల్లో ఒక్క ముల్లుతోనే పావుగంట తేడా లేకుండా చెప్పేస్తోంది.

అన్నట్టు గడియారం అనే మాటలో ఉన్న గడియ అరవై నిమిషాలది కాదు, 24 నిమిషాలది. రోజుకి 60 గడియలు, పంచాంగంలో ఇప్పటికీ ఘడియలూ విఘడియలూ కనిపిస్తాయి. అడుగున చిల్లున్న గిన్నెని నీళ్ళలో వదిలితే నిండి మునగడానికి పట్టే టైమే గడియ. ఇక్కడా 60, గంటకి నిమిషాలూ 60. రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, దేనితో భాగించినా శేషం రాదు, పావులు అరలు చేసుకోడానికి అంతకంటే హాయైన అంకె ఏముంటుంది. ఫ్రెంచివాళ్ళు 1793లో రోజుకి పది గంటలు, గంటకి వంద నిమిషాలు అని చట్టం చేసి 1795లో వదిలేసుకున్నారు.

ఒక్క జాగ్రత్త. మా హాల్లో గడియారం ఎప్పుడో కిందపడి, ఆరున్నరకి కూడా చిన్న ముల్లు ఆరు మీదే కూర్చునేది. పెద్దవాళ్ళం పెద్ద ముల్లు చూసి సర్దుకుపోతాం కాబట్టి ఎవరం పట్టించుకోలేదు. అలాంటి గడియారంతో పిల్లలకి మాత్రం ఈ పద్ధతి పనిచెయ్యదు, సరిచేశాకే నేర్పాలి.

వారం తర్వాత పెద్ద ముల్లు మళ్ళీ పెట్టేశా. నిన్న వెనకున్న చక్రం తిప్పుతూ రెండు ముళ్ళూ ఎక్కడెక్కడ కలుస్తాయో లెక్కపెడుతోంది. పన్నెండు, ఒకటీ ఐదు దాటాక, రెండూ పది దాటాక, అలా వెళ్ళి పదీ యాభై నాలుగు దాటాక ఆగింది. "నాన్నా, పదకొండు తర్వాత ఎంత తిప్పినా కలవట్లేదు, మళ్ళీ పన్నెండే వచ్చేస్తోంది, ఇది పాడైందా?"