పాత టీ మెషిన్ కొంటున్నారా? ముందు అది తాగిన నీళ్ళ సంగతి అడగండి

భీమవరం, పాలకొల్లు, నరసాపురం చుట్టుపక్కల టీ, కాఫీ మెషిన్లు, కూల్‌డ్రింకుల మెషిన్లు బాగుచేయడం నా పని. అప్పు చేసి పాతది కొనుక్కుని, వారం తిరక్కుండానే నా దగ్గరికి మోసుకొచ్చేవాళ్ళను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. వాళ్ళందరూ నమ్మిన మాటలు దాదాపు ఇవే.

అపోహ: "రెండేళ్ళే వాడారండీ, కొత్తదాని కిందే లెక్క."

మన డెల్టాలో మెషిన్ వయసు కంటే అందులో పోసిన నీళ్ళు ముఖ్యం. కాలువ నీళ్ళు అందే ఊళ్ళో ఐదేళ్ళు తిరిగిన మెషిన్, సముద్రం వైపు ఉప్పు బోరు మీద ఏడాది తిరిగినదానికంటే గట్టిగా ఉండటం చాలాసార్లు చూశాను. ఎండాకాలం కాలువలు కట్టేశాక ఏ నీళ్ళు పోశారో కూడా అడగండి.

పాలకొల్లులో టీ కొట్టు పెద్దాయన ఒకరు ఫోన్ చేశారు. "బాబూ, అదే బటన్ నొక్కుతున్నాను. ఓసారి గ్లాసు నిండుతుంది, ఓసారి సగమే వస్తుందయ్యా" అన్నారు. ట్యాంకు విప్పితే నీళ్ళు కాచే ఎలిమెంట్ చుట్టూ చాక్‌పీసు మందాన తెల్లగా సున్నం పేరుకుంది. అది పెచ్చులూడి వాల్వులో ఇరుక్కుంటోంది. అలా సున్నం కమ్మేస్తే ఎలిమెంట్‌లోని వేడి నీళ్ళకు సరిగా అందదు, చివరికి ఎలిమెంటే కాలిపోతుంది.

అందుకే మీరు వెళ్ళేసరికి మెషిన్ చల్లగా ఉండాలని ముందే చెప్పండి. మీ కళ్ళముందే ఆన్ చేయించి, పొడి పడకుండా ఒట్టి వేడినీళ్ళు వరసగా పది గ్లాసులు పట్టండి. మొదటి గ్లాసుకీ పదో గ్లాసుకీ కొలత తేడా వచ్చినా, అడుగున తెల్ల పలుకులు కనిపించినా, ట్యాంకు విప్పి చూపించేదాకా డబ్బు ఇవ్వకండి.

అపోహ: "స్టీలు ట్యాంకు, దానికేం కాదు. నిమ్మ ఉప్పుతో కడిగితే సరి."

నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్, సున్నాన్ని కరిగిస్తుంది, నేనూ వాడతాను. కానీ ఉప్పు నీళ్ళు స్టెయిన్‌లెస్ స్టీలుకు కూడా సూదిమొన లాంటి కన్నాలు పెడతాయి. సున్నం ఉన్నన్నాళ్ళూ ఆ కన్నం మూసుకుని ఉంటుంది, కడిగిన మర్నాడు కారడం మొదలవుతుంది. కొనేముందే కడిగించి, ఒక పూట నీళ్ళతో ఉంచి చూడండి.

అపోహ: "ఆర్వో నీళ్ళు పోస్తే ఇక టెన్షన్ లేదు."

సున్నం తగ్గుతుంది, నిజమే. కానీ కొన్ని మెషిన్లలో ట్యాంకు నిండిందా లేదా అన్నది నీళ్ళలో పారే సన్నటి కరెంటును బట్టే తెలుస్తుంది. మరీ తక్కువ టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల కొలత) ఉన్న నీళ్ళలో కరెంటు సరిగా పారదు. ట్యాంకు ఖాళీగా ఉందనుకుని పంపు తోడుతూనే ఉంటుంది, నీళ్ళు కిందికి పొర్లుతాయి. మీరు రోజూ వాడబోయే నీళ్ళే ఒక క్యాన్ పట్టుకెళ్ళి దాంతోనే ట్రయల్ వేయండి.

అపోహ: "కప్పుల లెక్క చూపే కౌంటర్‌లో అంకె తక్కువుంది, పెద్దగా తిరగలేదు."

లోపలి సర్క్యూట్ బోర్డు మార్చినప్పుడు చాలా మెషిన్లలో లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. అంకెను కాదు, పొడీ నీళ్ళూ కలిసే మిక్సింగ్ బౌల్ కింద మోటారు షాఫ్టును చూడండి. వేలితో కదిపితే అటూ ఇటూ ఊగినా, సీలు దగ్గర పాలపొడి గట్టిపడి ఉన్నా బాగా తిరిగినట్టే.

అపోహ: "పొడి గడ్డకట్టడం వానాకాలంలో మామూలే."

మన తేమ కొంత కారణం. ఎక్కువసార్లు అసలు కారణం ఆవిరిని బయటికి లాగే చిన్న ఫ్యాన్ ఆగిపోవడం. ఆవిరి పైకి ఎగదన్ని పొడి పడే మూతిని తడిపేస్తుంది. గాలి బయటికి వచ్చేచోట పల్చటి కాగితం పట్టుకుంటే ఫ్యాన్ సంగతి తేలిపోతుంది.

అపోహ: "పాత స్నాక్స్ మెషిన్‌కి ఫోన్‌పే పెట్టడం కుదరదు."

లోపల ఎండీబీ పోర్టు (డబ్బు తీసుకునే పరికరాలు తగిలించే సాకెట్) ఉంటే చాలావాటికి యూపీఐ పరికరం తగిలించవచ్చు. నోట్లు తీసుకునే భాగమే అసలు చిక్కు. 2016 చివరి నుంచి దాదాపు అన్ని నోట్లకూ కొత్త డిజైన్లు వచ్చాయి, దాని సాఫ్ట్‌వేర్ మార్చకపోతే కొత్తవాటిని బయటికి తోసేస్తుంది. జేబులో అన్ని రకాల నోట్లూ వేసుకుని వెళ్ళండి.

అపోహ: "కూలింగ్ మెషిన్ కదా, లైటు వెలిగి చల్లగాలి వస్తే చాలు."

రెండు మూడు గంటలు నడవనివ్వండి. కంప్రెసర్ టక్కుమని ఆగి, కాసేపటికి మళ్ళీ ఎత్తుకోబోయి ఆగిపోతుంటే, ముందు వోల్టేజీ కొలిపించండి. వోల్టేజీ సరిగ్గా ఉండి కూడా అలాగే చేస్తుంటే ఆ బేరం వదిలేయండి. వెనక రేకు తీయించి అడుగు స్క్రూలు, పైపుల అతుకులు చూడండి, నరసాపురం వైపు ఉప్పుగాలికి ముందు తినేసేది వాటినే. తెచ్చేటప్పుడు ఆటోలో పడుకోబెట్టారా, కంప్రెసర్‌లోని ఆయిలు పైపుల్లోకి వెళ్ళిపోతుంది. ఇంటికి రాగానే ప్లగ్ పెట్టకండి. నిలబెట్టి ఆ రాత్రికి వదిలేసి, మర్నాడు పొద్దున ఆన్ చేయండి.