బొమ్మకు తల ఎవరు పెట్టారు?

చిన్నికి, నానిగాడికి, ఈ ఉత్తరం చదివే మిగతా పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో లిఫ్ట్ కోసం నిలబడ్డప్పుడు, నడవలేనివాళ్ళ కోసమని చెప్పే చక్రాల కుర్చీ గుర్తును చూసి చిన్ని ఒక ప్రశ్న వేసింది. "తాతయ్యా, ఈ బొమ్మకు కళ్ళు లేవు, ముక్కు లేదు. మరి కుర్చీలో మనిషి కూర్చున్నాడని మనకెట్లా తెలుస్తోంది?" అంతలో లిఫ్ట్ వచ్చింది, జవాబు ఆగిపోయింది. ఇప్పుడు తీరిగ్గా చెబుతా.

మీ నానమ్మ కంటిసైగ మీకు తెలుసు కదా. ఇంటికి చుట్టాలొస్తారు. మీరు సకినాల పళ్ళెం మీద మూడోసారి చెయ్యి వేస్తారు. నానమ్మ నోరు తెరవదు. మిమ్మల్ని ఒకసారి, పళ్ళేన్ని ఒకసారి చూస్తుంది. చెయ్యి దానంతటదే వెనక్కి వస్తుంది. ఎదురుగా కూర్చున్న చుట్టానికి ఏమీ తెలియదు, ఎందుకంటే ఆ సైగ మీకూ నానమ్మకూ మధ్య ఒప్పందం. పుట్టగానే వచ్చింది కాదు, చూసి చూసి నేర్చుకున్నారు. రోడ్డు మీద గుర్తులు ఊరంతా కలిసి ఒప్పుకున్న కంటిసైగలు. నానమ్మ అదే చూపు వంటింట్లో చూస్తే "ఇంకోటి తీసుకోరా" అని అర్థం. చోటు మారితే మాటే మారిపోతుంది. ఇక నానమ్మ ఒకేసారి కళ్ళు తిప్పి, చెయ్యి ఊపి, దగ్గి, గాజులు కూడా గలగలలాడిస్తే? మీకు ఒక్క ముక్క అర్థం కాదు. మన చౌరస్తాల్లో ఒకే స్తంభానికి పది బోర్డులు, వాటి మీద ఒక కోచింగ్ సెంటర్ ఫ్లెక్సీ కడితే నాకు బాధ వేసేది అందుకే. అవసరమైన ఒక్క సైగ అందులో మునిగిపోతుంది.

చిన్ని అడిగిన బొమ్మకు వద్దాం. దాన్ని 1968లో సుసాన్ కోఫోడ్ అనే డెన్మార్క్ డిజైన్ విద్యార్థిని గీసింది. ఆమె గీసినప్పుడు దానికి తల లేదు! చక్రం, రెండు మూడు గీతలు, అంతే. చూస్తే ఖాళీ కుర్చీలా ఉండేది. మరుసటి ఏడాది కార్ల్ మోంటన్ అనే ఆయన పైన ఒక గుండ్రటి చుక్క పెట్టాడు. కుర్చీలోకి మనిషి వచ్చి కూర్చున్నాడు. చిన్నీ, పెన్సిల్ తీసుకుని నువ్వే గీసి చూడు. చుక్కను వేలితో మూసి ఒకసారి, వేలు తీసి ఒకసారి. ఉత్త చుక్కలో మనకు మనిషి ఎందుకు కనిపిస్తాడో నేనెంత చెప్పినా చాలదు, ఈ వయసులో కూడా నాకది అద్భుతమే. కాళ్ళు బాగున్నవాళ్ళు మెట్లెక్కండి నాయనా, లిఫ్ట్‌లో ముందు చోటు ఆ చుక్క ఎవరి కోసం పెట్టారో వాళ్ళది.

నా చిన్నప్పుడు లాల్ దర్వాజా దగ్గర మా గల్లీలో ఏ గుమ్మానికైనా వేపమండ కనిపిస్తే మేం గోలీలాట ఆపేసి పక్క గల్లీకి పోయేవాళ్ళం. ఆ ఇంట్లో ఎవరికో అమ్మవారు పోసిందని అర్థం. లోపలికి పోకూడదు, అరవకూడదు. బోర్డు లేదు, ఎవరూ చాటింపు వేయలేదు. అదే వేపమండ ఆషాఢంలో పసుపు రాసిన బోనం కుండకు చుట్టి కనిపిస్తే డప్పుల వెంట పరుగెత్తేవాళ్ళం. మా అవ్వకు అక్షరం ముక్క రాదు. కానీ ఆ గల్లీలో ఎవరింట్లో ఏం జరుగుతోందో గడపలు, ముగ్గులు చూసి చెప్పేది.

అవ్వలాంటివాళ్ళే అప్పుడు దేశమంతా. 1951 జనాభా లెక్కల ప్రకారం చదవడం, రాయడం వచ్చినవాళ్ళు నూటికి 18 మంది. 1951-52లో మొదటి సాధారణ ఎన్నికలు వచ్చాయి. అభ్యర్థి పేరు చదవలేని మనిషి ఓటెట్లా వేయాలి? ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె, పెట్టె మీద గుర్తు అతికించారు. కాడెద్దులు, దీపం, కంకి కొడవలి. ఎద్దుల్ని, దీపాన్ని గుర్తుపట్టడానికి బడికి పోనక్కర్లేదు కదా. చదువు రానివాళ్ళను తెలివి లేనివాళ్ళు అనుకోకండి. వాళ్ళ కోసం గుర్తులు పెట్టినవాళ్ళు అట్లా అనుకోలేదు.

నాని, నీకో పని. వంటింట్లో బిస్కట్ ప్యాకెట్ తీసి చూడు, చదరంలో ఆకుపచ్చ చుక్క ఉంటుంది. శాకాహారం అని అర్థం. మాంసాహారానికి మొదట గోధుమరంగు చుక్క ఉండేది. కానీ ఆ రెండు రంగులకు తేడా తెలియని కళ్ళు కొందరికి ఉంటాయి. వాళ్ళకు రెండూ ఒకే చుక్క! అందుకే 2020 నిబంధనల్లో గోధుమరంగు చుక్కను త్రికోణం చేశారు. రంగు కనిపించకపోయినా ఆకారం కనిపిస్తుంది.

ఇంకొకటి చూడండి, నాన్న చెయ్యి పట్టుకుని మాత్రమే. ఆగమని చెప్పే ఎర్ర స్టాప్ బోర్డు దగ్గరికి పోయి, దాని వెనక వైపు నిలబడండి. అక్షరాలు ఉండవు, ఎరుపు ఉండదు. అయినా అటు నుంచి వచ్చే డ్రైవరుకు ఎదురు బండి ఆగాలని తెలిసిపోతుంది. ఎట్లాగో మూలలు లెక్కపెట్టి నాకు రాయండి.

మీ తాతయ్య,
హైదరాబాద్