రెండు రోజులు, 11 చోట్లు కుదరదు

చి. పిల్లలకు తాతయ్య దీవెనలు.

సంక్రాంతి సెలవులకు దిల్‌సుఖ్‌నగర్ అత్తయ్య వాళ్ళింటికి వెళ్తున్నారని తెలిసి సంతోషం. మీరు పంపిన జాబితా చూశాను. రెండు రోజుల్లో 11 చోట్లు! అలా తిరిగితే చివరికి గుర్తుండేది ఆటో సీటూ టికెట్ క్యూనే. అందుకని ఏడు కొట్టేశాను. అలగకండి. మిగిలినవి నాలుగు: గోల్కొండ, సాలార్‌జంగ్ మ్యూజియం, నౌబత్ పహాడ్, జూపార్కు. రోజుకొకటి చొప్పున నాలుగు రోజులు వెళ్ళండి. సాలార్‌జంగ్‌కు శుక్రవారం సెలవు, జూకు సోమవారం సెలవు, ఆ రెండూ చూసుకుని మిగతా రోజులు సర్దుకోవాలి. వేళలూ టికెట్ ధరలూ మారుతుంటాయి కాబట్టి ముందురోజు రాత్రే బావ చేత ఫోన్‌లో చూపించుకోండి.

గోల్కొండ మొదటి రోజే పెట్టుకోండి, కాళ్ళలో సత్తువ ఉండగానే. మెట్రో అక్కడిదాకా పోదు. మెహదీపట్నం మీదుగా బస్సో ఆటోనో పట్టుకోవాలి. ఉదయం తెరిచే వేళకే గేటు దగ్గరుంటే మంచిది, ఎందుకంటే అక్కడ మీరు చేయాల్సిన మొదటి పని చప్పట్లు కొట్టడం. జనం నిండాక గుమ్మటం కింద అందరూ ఒకేసారి కొడుతుంటారు, ఎవరి చప్పుడు పైకి చేరిందో ఆ దేవుడికే తెలియాలి.

లోపలికి అడుగుపెట్టగానే ద్వారం దగ్గర గుమ్మటం కప్పు ఉన్న మంటపం వస్తుంది. అక్కడ చప్పట్లు కొడితే కొండ మీద, బాలాహిస్సార్ అనే పైకోట దగ్గర వినిపిస్తుందని గైడ్లు చెబుతారు. వాళ్ళు చెప్పింది విని తలూపి వచ్చేయకండి, పరీక్షించండి. రెండు జట్లుగా విడిపోండి, ప్రతి జట్టులో ఒక పెద్దవాళ్ళు ఉండాలి. పైజట్టు ఎక్కాక కింది జట్టు మూడు చప్పట్లు కొట్టి, పది లెక్కపెట్టి, మళ్ళీ రెండు కొట్టాలి. ఎన్ని కొడతారో పైవాళ్ళకు ముందే చెప్పకూడదు, చెబితే చెవి విననిది కూడా విన్నట్టే ఉంటుంది. తర్వాత గుమ్మటం కింద నుంచి పది అడుగులు బయటికి జరిగి అలాగే కొట్టాలి. ఈసారి పైకి ఏమీ రాకపోవచ్చు, వచ్చినా పలచగా వస్తుంది. గుమ్మటం వంపు చప్పుడును నలుదిక్కులకూ పోనీయకుండా పోగుచేసి పంపిస్తుంది, ఆరుబయట అది చెదిరిపోతుంది. ద్వారం దగ్గర ఎవరొచ్చినా పైనున్నవాళ్ళకు క్షణంలో తెలియడానికి ఈ ఏర్పాటు అంటారు.

ఇంకాస్త ఓపిక ఉంటే చప్పుడు వేగం కూడా కొలవొచ్చు. చప్పట్లు కొట్టేవాళ్ళ పక్కన, పైకి కనిపించే చోట ఒకరు ఎర్ర తువాలు ఎత్తి పట్టుకోవాలి. చప్పట్లు పడిన క్షణంలోనే తువాలు కిందికి దించేయాలి. తువాలు దిగగానే పైవాళ్ళు స్టాప్‌వాచ్ నొక్కి, చప్పుడు వినగానే ఆపాలి. రెండు చోట్ల మధ్య సూటి దూరాన్ని ఫోన్ మ్యాప్‌లో కొలిచి, వచ్చిన సెకన్లతో భాగిస్తే సెకనుకు 340 మీటర్ల దరిదాపుల్లో రావాలి. ఒక్కసారికే సరిపెట్టుకుంటే లెక్క తప్పుతుంది, వేలు నొక్కడంలోనే కాస్త ఆలస్యం ఉంటుంది కదా. ఐదుసార్లు చేసి సగటు తీయండి. తువాలు ఎందుకు, ఫోన్‌లో ‘కొట్టాం’ అని చెబితే పోలేదా అని బావ అంటాడు. ఫోన్‌లో మాట చేరడానికే కొంత సమయం పడుతుంది, దాంతో లెక్కంతా పాడవుతుంది.

మెట్లెక్కేటప్పుడు జేబులో గులకరాళ్ళు వేసుకోండి. ప్రతి 20 మెట్లకూ ఒక రాయి కుడి జేబులోంచి ఎడమ జేబులోకి మార్చాలి. నోటితో వంద దాటేదాకా లెక్కపెట్టడం ఎవరికైనా కుదరదు, మధ్యలో తమ్ముడు ‘నీళ్ళు’ అంటాడు, అంతే సంగతులు.

ఆ దారి పక్కనే ఎవరో పేర్చినట్టు ఒకదాని మీద ఒకటి పెద్ద పెద్ద గుండ్లు కనిపిస్తాయి. వాటిని ఎవరూ పేర్చలేదు. ఒకప్పుడు అదంతా నేల కింద ఒకే బండ. అడ్డంగా నిలువుగా పగుళ్ళు పడ్డాయి, పగుళ్ళలోకి నీళ్ళు దిగి రాయిని కొంచెం కొంచెంగా కొరికేశాయి, ఆ తర్వాత చుట్టూ ఉన్న మట్టి కొట్టుకుపోయి లోపలి గట్టి ముద్దలు మిగిలాయి. మరి గుండ్రంగా ఎందుకున్నాయి? పటికబెల్లం ముక్క నోట్లో వేసుకుని రెండు నిమిషాలాగి తీసి చూడండి. ముందు అరిగేవి మూలలే. మూలను నీళ్ళు మూడు పక్కల నుంచి తాకుతాయి, అంచును రెండు పక్కల నుంచి, చదునుగా ఉన్న చోటును ఒక్క పక్క నుంచే.

ఈ గ్రానైటు రాతి వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. ఆ సంఖ్య వింటే ఏమీ అనిపించదు, అందుకే కిందికి దిగాక కాళ్ళతో కొలవండి. ఒక అడుగంటే కోటి ఏళ్ళు అనుకోండి. ఈరోజు నుంచి బయల్దేరి వెనక్కి నడుస్తున్నట్టు లెక్క. ఆరున్నర అడుగులకు డైనోసార్లు అంతరించిన రోజులు వస్తాయి. రాయి పుట్టిన కాలానికి 250 అడుగులు నడవాలి, నిజంగానే నడవండి. మనుషులు పుట్టి మూడు లక్షల ఏళ్ళంటారు, అది మీరు వేసిన మొదటి అడుగులో రెండు సెంటీమీటర్లు కూడా కాదు. ఔరంగజేబు ఎనిమిది నెలలు చుట్టుముట్టి ఈ కోట పట్టింది 1687లో. మన లెక్కలో అది తల వెంట్రుక మందం కూడా ఉండదు!

కోటలో మిగతావి మీకు నచ్చినట్టు చూడండి. రెండు మాత్రం వదలొద్దు. ఒకటి, గోడల్లో అక్కడక్కడా బయటపడ్డ మట్టి గొట్టాలు. చక్రాలతో నీటిని అంచెలంచెలుగా పైకి తోడి ఈ గొట్టాల్లోంచి పంపేవారు. కొండ మీద నీళ్ళు లేకపోతే ఎంత గట్టి గోడ ఉన్నా కోట నాలుగు రోజులు నిలవదు. రెండోది రామదాసు చెర. భద్రాచలం గుడి కట్టించిన కంచెర్ల గోపన్నను తానీషా ఇక్కడే బంధించాడని చెబుతారు, గోడ మీద చెక్కిన బొమ్మలు వెతకండి. బయట వెలుతురులోంచి వెళ్ళగానే ఏమీ కనిపించవు. రెండు నిమిషాలు కదలకుండా నిలబడితే ఒక్కొక్కటే తేలతాయి.

సంచీ సంగతి. తలా ఒక లీటరు నీళ్ళు, టోపీ, నోటుబుక్కు, పెన్సిలు, ఒక మీటరు దారం. పెన్ను కన్నా పెన్సిలే మేలు, గోడకు ఆనించి రాసినా, చెమట చెయ్యి తగిలినా మొరాయించదు. చెప్పులు వద్దు. జనం తొక్కి తొక్కి కోట మెట్లు నున్నబడ్డాయి, ఎక్కేటప్పటికంటే దిగేటప్పుడే కాలు జారుతుంది. తినడానికి పులిహోర కట్టించుకోండి. చింతపండు పులుపు, ఉప్పు, నూనె కలిసి మధ్యాహ్నం దాకా పాడవకుండా కాస్తాయి. పెరుగన్నం పొద్దున కమ్మగానే ఉంటుంది, ఎండలో సంచీలో నాలుగు గంటలుంటే పులిసిపోతుంది. చిప్సు పొట్లాలు వద్దనను, కానీ దాహం రెట్టింపు చేస్తాయి. అత్తయ్య ఫోన్ నంబరు కాగితం మీద రాసి ప్రతి ఒక్కరి జేబులో ఉండాలి, చిన్నవాడి జేబులో కూడా. తప్పిపోతే వెతుక్కుంటూ తిరగొద్దు, ఉన్నచోటే నిలబడండి. వెతికేవాళ్ళూ మీరూ ఇద్దరూ తిరుగుతుంటే ఎప్పటికీ ఎదురుపడరు.

సాలార్‌జంగ్‌కు మెట్రోలో వెళ్ళండి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కితే ఎంజీబీఎస్‌లో దిగాలి, అక్కడి నుంచి ఆటో కొద్ది దూరమే. మలక్‌పేట దాటగానే కిటికీ దగ్గరికి చేరండి, కింద కనిపించేది మూసీ. ఇంత చిన్న నదా అనుకుంటారు. 1908 సెప్టెంబరు 28న ఇదే నది ఊరిని ముంచేసింది. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఆ చెట్టు ఉంది. ఆ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు, గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువులు కట్టింది మళ్ళీ అలాంటి వరద రాకుండా ఆపడానికే.

మ్యూజియంలో గదులు నలభైకి దగ్గర. అన్నీ చూస్తామని మొదలుపెడితే పదో గదికే కాళ్ళు పీకుతాయి, మిగతావి పరుగు. మూడు చూడండి చాలు. మొదటిది గడియారం. గంట కొట్టడానికి పావుగంట ముందే వెళ్ళి ముందు వరసలో కూర్చోండి. 12 గంటలకు 12 దెబ్బలు పడతాయని అందరూ అప్పుడే ఎగబడతారు, 11కి వెళ్తే ఒక్క దెబ్బే తక్కువ, తోపులాట ఉండదు. తలుపు తీసుకుని గడ్డపు మనిషి బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుంది. అందరూ దాన్నే చూస్తారు. మీరు రెండో బొమ్మను చూడండి, పక్కన సుత్తితో కొడుతూనే ఉండే కమ్మరిని. మీ వాచీలో ఒక నిమిషం పెట్టుకుని దెబ్బలు లెక్కపెట్టండి. 60 రావాలి. ఎక్కువో తక్కువో వస్తే తప్పు లెక్కదా, గడియారానిదా అని రెండోసారి చూడండి.

రెండోది మేలిముసుగు రెబెకా. ఇటలీ శిల్పి బెంజోని చెక్కినది, నిజాం దివాను మొదటి సాలార్‌జంగ్ 1876లో కొనుక్కొచ్చారు. ముసుగు, ముసుగు వెనక ముఖం, రెండూ ఒకే పాలరాయి. రాయి గుడ్డలాగా ఎలా కనిపిస్తుందో కనిపెట్టడమే మీ పని. ముక్కు, గడ్డం దగ్గర బట్ట అతుక్కున్నట్టు నున్నగా ఉంటుంది, పక్కలకు పోయేకొద్దీ సన్నటి మడతలు గీతల్లా లేస్తాయి. ఆ మడతల నీడలే మన కంటిని మోసం చేస్తాయి. ఎదురుగా నిలబడి ఒకసారి, పక్కకు జరిగి ఒకసారి చూడండి. మూడోది చెక్క బొమ్మ. ముందు నుంచి మెఫిస్టోఫిలిస్ అనే గర్విష్ఠి సైతాను, వెనక అద్దంలో తలవంచుకున్న మార్గరెట్టా, ఇద్దరూ ఒక జర్మన్ నాటకంలోని పాత్రలు. ఒకే దుంగ. ముందున్న అతని మోచేయి వెనక ఆమె ఒంట్లో ఏ భాగమైందో నోటుబుక్కులో గీసుకోండి, అరగంట ఎలా గడిచిందో తెలియదు.

నౌబత్ పహాడ్ మీద బిర్లా ప్లానెటేరియం ఉంది, 1985లో తెరిచారు. అసెంబ్లీ స్టేషన్లో దిగితే దగ్గర. తెలుగు ప్రదర్శన ఎన్నింటికో ముందే కనుక్కోండి, లేకపోతే ఇంగ్లిషు దానికి కూర్చుని చిన్నవాడు నిద్రపోతాడు. అసలు సంగతి పక్కనే ఉన్న డైనోసార్ శాల. అక్కడి అస్థిపంజరం మన తెలుగు నేలదే, కోటసారస్, ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికింది. వయసు 15 కోట్ల ఏళ్ళకు పైమాటే, అంటే మన అడుగుల లెక్కలో 15 అడుగులు దాటాలి. ఒకే జంతువు ఎముకలన్నీ ఒకచోట దొరకలేదు, చాలా జంతువుల ఎముకలు కలిపి ఒక దాన్ని నిలబెట్టారు. పుర్రె మాత్రం దొరకలేదు. కాబట్టి తల దగ్గర నిలబడి, ‘ఇది అసలుదా, పోతపోసిందా? పుర్రె లేకుండా ఆకారం ఎలా ఊహించారు?’ అని అక్కడివాళ్ళను అడగండి. సిగ్గుపడొద్దు, అడిగే పిల్లలంటే వాళ్ళకూ ఇష్టమే.

జూపార్కు బహదూర్‌పురాలో, 380 ఎకరాలు. మొత్తం నడవడం పెద్దలకే కష్టం. పొద్దున్నే వెళ్ళండి, మధ్యాహ్నానికి పులి పడుకుంటుంది, మీరు దాని వీపు చూసి వస్తారు. కోతులో ఏనుగో, ఒక్క జంతువును ఎంచుకుని 20 నిమిషాలు నిలబడండి. నోటుబుక్కులో 20 గళ్ళు గీసి, నిమిషానికొకసారి అది ఆ క్షణంలో ఏం చేస్తోందో ఒక అక్షరం రాయండి: తింటుంటే ‘తి’, నడుస్తుంటే ‘న’, పడుకుంటే ‘ప’. పిల్లలు ఎక్కువగా చేసే తప్పు ఒకటుంది, ‘కోపంగా ఉంది’ అని రాస్తారు. కోపం కనిపించదు. చెవులు విప్పింది, తొండం ఊపింది, అది రాయండి. అడవి జంతువులను గమనించేవాళ్ళు చేసే పని ఇదే.

జూ పక్కనే మీరాలం చెరువు. దాని కట్ట తిన్నగా ఉండదు, వరసగా 21 కమానులు, నీటి వైపు ఉబ్బి ఉంటాయి. మ్యాప్‌లో పైనుంచి చూసి లెక్కపెట్టొచ్చు. ఎందుకలా కట్టారో తెలియాలంటే ఇంట్లో ఒక పోస్టుకార్డును రెండు బరువైన పుస్తకాల మధ్య నిలబెట్టి వేలితో నెట్టండి, వంగిపోతుంది. అదే కార్డును విల్లులా వంచి, ఉబ్బిన వైపు నుంచి నెట్టండి. తోపు రెండు పక్కలకూ పోయి పుస్తకాల మీద పడుతుంది, కార్డు నిలుస్తుంది. పుస్తకాలు జారితే అసలు ప్రయోగమే చెడుతుంది, వాటిని తమ్ముడి చేత పట్టించండి.

కొట్టేసిన ఏడింటిలో చార్మినార్ ఉందని పెద్దదానికి బాధగా ఉంటుంది. ఆదివారం సాయంత్రం మాత్రం వద్దమ్మా, ఆ రద్దీలో పిల్లల చేయి పట్టుకోవడమే సరిపోతుంది. సాలార్‌జంగ్ త్వరగా ముగిస్తే అక్కడి నుంచి దగ్గరే, పత్తర్‌గట్టి మీదుగా నడిచి వెళ్ళండి.

గోల్కొండ మెట్లు 360 అనేవాళ్ళున్నారు, 380 అనేవాళ్ళున్నారు. మీకెంత వచ్చిందో, ఎక్కడి నుంచి ఎక్కడిదాకా లెక్కపెట్టారో, విరిగిన మెట్టును ఒకటిగా లెక్కవేశారో లేదో కూడా పోస్టుకార్డు మీద రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య