ఇల్లు మారితే కార్డు చెల్లదని మీకెవరు చెప్పారమ్మా?

నెల్లూరులో ఏఎన్ఎంగా, అంటే ఇంటింటికీ తిరిగే ప్రభుత్వ నర్సుగా తిరగబట్టి పదమూడేళ్ళు. ఈ మధ్య వారానికి ఒక గర్భిణి అయినా ఇదే మాట: "మేడమ్, మేము ఇల్లు మారిపోయాం, ఆ తల్లీబిడ్డ కార్డు ఇక్కడ చెల్లదంట కదా, అందుకే మూడు నెలల నుంచి చూపించుకోలేదు." వినీ వినీ విసుగొచ్చి రాస్తున్నా. విసుగు ఆ తల్లుల మీద కాదు, ఈ మాట పుట్టించిన వాళ్ళ మీద.

అపోహ: ఏ ఏరియాలో పేరు రాయించుకుంటే కాన్పు దాకా అక్కడే చూపించుకోవాలి.

కాదు. తల్లీబిడ్డ కార్డు మీద 12 అంకెల ఆర్‌సీహెచ్ నంబర్ (ప్రభుత్వ రికార్డులో గర్భిణికి ఇచ్చే నంబర్) ఉంటుంది చూడండి, అది మీది, మీ వీధిది కాదు. బాడుగ ఇల్లు మారినా, పుట్టింటికి పోయినా, ఊరి బయట స్థలం వచ్చిందని రేకుల షెడ్డు వేసుకున్నా అదే నంబర్ నడుస్తుంది. కొత్త చోట ఆశాకో ఏఎన్ఎంకో చూపిస్తే చాలు. 2021 నవంబర్‌లో పెన్న పొంగినప్పుడు ఒకామె తడిసిన కార్డును ఫ్యాను కింద పరుచుకుని కూర్చుని ఏడుస్తోంది. బాల్‌పెన్నుతో రాసిన అంకెలన్నీ అలికేసినట్టయ్యాయి. ఫోన్ నంబర్ అడిగి వెతికితే మా రికార్డులో ఆమె పేరు, నంబర్ దొరికాయి. కొత్త కార్డు మీద మళ్ళీ రాసిచ్చాం, అంతే.

దాచుకోవడం ఎందుకు, కొత్తలో నేను కూడా ఒకామెను "మీ పాత ఏఎన్ఎం దగ్గరికే పోమ్మా" అని పంపేశాను. రోడ్డు వెడల్పులో వాళ్ళ ఇల్లు పోయి పది కిలోమీటర్ల అవతలికి వచ్చారు. పాత చోటికి పోయి రావాలంటే ఆటో ఖర్చు, ఆయన కూలి పోతుంది. ఆమె ఎక్కడికీ పోలేదు. నెలన్నర తర్వాత ఆశా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. కాళ్ళు వాచి చెప్పులు పట్టడం లేదు, సామాన్లు మోసినందుకు వాచాయిలే అనుకుందట. తలనొప్పి అంటే ఎండలో తిరిగినందుకు అనుకుందట. బీపీ చూస్తే 160/110. నమ్మలేక కాసేపు కూర్చోబెట్టి, కఫ్ విప్పి మళ్ళీ కట్టి చూశా. అంతే ఉంది. 108 వచ్చేదాకా నా చేతులు వణుకుతూనే ఉన్నాయి. బిడ్డ నెల తక్కువగా పుట్టాడు, ఇద్దరూ బతికారు. అప్పటినుంచి నేనెవరినీ పాత చోటికి పొమ్మనలేదు.

ఇల్లు మారినప్పుడు అసలు నష్టం ఇక్కడే. ఐదో నెల దాటాకే ఈ బీపీ మొదలవుతుంది, సామాన్లు సర్దుకునే హడావుడిలో పరీక్షలు తప్పేది కూడా ఎక్కువగా అప్పుడే. 140/90 దాటితే ఊరుకోకూడదు. విడవని తలనొప్పి, కళ్ళు మసకబారడం, పొట్ట పైభాగంలో నొప్పి, ముఖం వాపు, వీటిలో ఏది కనిపించినా అదే రోజు ఆస్పత్రికి పోవాలి. మన పెద్దోళ్ళు గుర్రపు వాతం అనే ఫిట్స్ దీని ముదిరిన రూపమే. కొత్త చోట ఎవరూ తెలియకపోతే ఏ నెలైనా 9వ తారీఖున దగ్గరున్న ప్రభుత్వ ఆస్పత్రికి పోండి, ఆ రోజు గర్భిణులకని ప్రత్యేకంగా డాక్టరు చూస్తారు.

అపోహ: కడుపుతో ఉండగా ఇల్లు మారితే బిడ్డకు అరిష్టం.

ఈ భయంతో వచ్చేవాళ్ళను చూస్తే నాకు కోపం రాదు, జాలేస్తుంది. ఎందుకంటే వాళ్ళేం సరదాకు మారరు. ఏడో నెల రాగానే "మా ఇంట్లో పురుడు వద్దమ్మా, ఖాళీ చెయ్యండి" అనే ఇంటివాళ్ళు ఇంకా ఉన్నారు, మళ్ళీ సీమంతానికి వచ్చి గాజులు కూడా వేయించుకుని పోతారు! గడప మారినందుకు బిడ్డకు ఏమీ కాదు. అయితే ఉన్నఫళంగా వెళ్ళగొడితే మాత్రం దెబ్బే. అమెరికాలో జార్జియా రాష్ట్రంలో 2000 నుంచి 2016 వరకు రికార్డులు చూస్తే, కడుపుతో ఉండగా ఇల్లు ఖాళీ చేయించిన తల్లులకు తక్కువ బరువు బిడ్డలు, నెలలు నిండని కాన్పులు ఎక్కువని తేలింది. మన దగ్గర నేను చూసేది ఏమిటంటే, కొత్త కాలనీలో మరుగుదొడ్డి ఉండదు, మాటిమాటికీ బయటికి పోలేక నీళ్ళు తాగడం తగ్గించేస్తారు, యూరిన్ ఇన్‌ఫెక్షన్ వస్తుంది, దాంతో నెల నిండకముందే నొప్పులు. టెన్షన్‌తో తిండి కూడా సరిగ్గా తినరు.

మిగతావి గబగబా చెప్తా. ఆధార్‌లో పాత అడ్రస్ ఉంటే ప్రభుత్వ ఆస్పత్రిలో కాన్పు చెయ్యరా? చేస్తారు. పుట్టిన సర్టిఫికెట్‌కు సొంత వార్డుకే పోవాలా? అక్కర్లేదు, బిడ్డ ఎక్కడ పుడితే అక్కడే నమోదు. ప్రభుత్వం కట్టించిన టిడ్కో ఇళ్ళలో మూడో అంతస్తు మెట్లెక్కితే కాన్పు ముందే అయిపోతుందా? డాక్టరు రెస్ట్ చెప్పనంతవరకు మెల్లగా ఎక్కండి, నీళ్ళ బిందె మాత్రం ఇంకెవరినైనా మొయ్యమనండి.

ఇంకొకటి. కొత్త కాలనీల్లో 108 వాళ్ళకు దారి దొరకదు, వీధులన్నీ ఒకేలా ఉంటాయి, డోర్ నంబర్లు ఉండవు. మొన్న ఒకింటికి పోతే తలుపు పక్క గోడ మీద బొగ్గుతో పెద్ద అక్షరాలు: "వాటర్ ట్యాంకు వెనక, రెండో లైను, నీలం తలుపు". ఏందమ్మా ఇది అంటే, "నొప్పులొచ్చినప్పుడు మా అత్తకు గుర్తుండదు మేడమ్, చూసి చెప్తుందని రాశా" అంది.